ఫైబర్ పుట్టిలో బాలనాగమ్మ

బాలనాగమ్మకు ఈత రాదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే మిగతా కథకు రుచి ఉండదు, అందుకని చెప్పేస్తున్నాను. కొల్లాపూర్ కింద కృష్ణలో చేపలు పట్టేవాళ్ల పుట్టిలు చాలావరకు ఆమె అల్లినవే. పుట్టి చూడనివాళ్ల కోసం ఒక మాట. వెదురు బద్దలతో ఇద్దరు ముగ్గురు మనుషులు పట్టేంత గుండ్రటి బుట్ట అల్లి, దాని వీపుకు ప్లాస్టిక్ పట్టా బిగించి, పైన డాంబరు పూస్తే అదే పుట్టి. దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డు ఒక పక్కన వేస్తే గిర్రున తిరుగుతుంది. అలవాటు లేనివాళ్లు ఎక్కితే నల్లమల కొండలన్నీ లేచి వాళ్ల చుట్టూ నడుస్తున్నట్టు ఉంటుంది. నేను ఎక్కాను. దిగిన తర్వాత కూడా కాసేపు రేవులో రాళ్లు తిరిగాయి. భలే ఉంది.

నేను ఇక్కడి ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితం, పొద్దున పూట నాకు పనేమీ లేదు. అందుకని వారంలో నాలుగు రోజులు సోమశిల బస్సెక్కి, దారిలో బాలనాగమ్మ షెడ్డు దగ్గర దిగిపోతాను. పైన రేకులు, కింద మట్టి నేల, నాలుగు పక్కలా గాలి. పనివాళ్లు ఆమె, ఆమె భర్త వెంకట్రాములు, చాలా ఏళ్లుగా వస్తున్న రామేశ్వరమ్మ. వెంకట్రాములు దాన్ని కార్ఖానా అంటాడు.

"కార్ఖానల సైరన్ మోగిందా, రామేశ్వరీ," అంటాడు ఆమె ఆలస్యంగా వస్తే.

"మోగింది బావా, నువ్వు గురక పెడుతుంటివి గదా, ఊరంత ఇన్నది," అంటుంది ఆమె.

బాలనాగమ్మది అచ్చంపేట దగ్గర మేదరి కుటుంబం. నడక వచ్చిన నాటి నుంచి వెదురు మధ్యనే పెరిగింది. పెళ్లయి కొల్లాపూర్ వచ్చేసరికి అత్త జోగులమ్మ మామిడికాయల గంపలు అల్లేది. అప్పట్లో ఇక్కడి తోటల నుంచి లారీలకు లారీల గంపలు హైదరాబాద్ పోయేవి. తర్వాత ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి. ఒకదాని మీద ఒకటి పేర్చినా కాయ నలగదు, ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. రెండు మామిడి కాపులు తిరిగేసరికి గంపలు అడిగేవాళ్లు లేకుండా పోయారు. జోగులమ్మ కొన్నాళ్లు గుమ్మంలో కూర్చుని, తర్వాత లేచి రేవుకు పోయి, పుట్టిలు ఎలా అల్లుతారో చూసి వచ్చింది. గంప అల్లిన చేతికి పుట్టి పెద్ద గంపే కదా అని ఆమె లెక్క. అదీ ఆ షెడ్డు పుట్టుక.

జోగులమ్మ పోయింది గానీ, ఆమె పెట్టిన ఆచారం ఒకటి మిగిలింది. కొత్త పుట్టి నీళ్లలోకి దిగితే, అల్లినవాళ్లే మొదట కూర్చోవాలి. కొన్నవాళ్లు తెడ్డు వేస్తారు, అల్లినవాళ్లు నడుమ కూర్చుని మూడు చుట్లు తిరిగి రావాలి. ఆ తర్వాతే అది వాళ్ల పుట్టి. మొదటిసారి కోడలిని కూర్చోబెట్టిన రోజు బాలనాగమ్మ ఏడ్చిందట.

"మా అత్త గట్టు మీద నిలబడి, మునిగితే నువ్వు అల్లింది తప్పు, మునగకుంటే నీ ఏడుపు తప్పు, అన్నది," అని నవ్వుతూ చెబుతుంది. "మునగలే. గప్పటి సంది ఏడ్వలే."

చేపలు పట్టేవాళ్లకు అది పూజ కన్నా ఎక్కువ. ఈత రాని మనిషి కూర్చుని తిరిగి వచ్చిందంటే, ఇక ఆ పుట్టిని అనుమానించాల్సిన పని లేదు.

అలా నడుస్తుండగా ఫైబర్ పుట్టిలు వచ్చాయి.

కర్నూలు నుంచి ప్రదీప్ అనే వ్యాపారి లారీలో తెచ్చాడు. గిన్నెలు పెట్టినట్టు ఒకదానిలో ఒకటి, నీలం రంగువి, తెల్లవి. ఎండ పడితే కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. ఒక మనిషి నెత్తిన పెట్టుకుని నడిచేంత తేలిక. డాంబరు అక్కర్లేదు, పట్టా చిరగదు, ఏటా మరమ్మతు లేదు. లారీ షెడ్డు ముందు నుంచే రేవుకు పోయింది. బాలనాగమ్మ చేతిలో బద్ద అలాగే పట్టుకుని చూసింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. నాకు ఆ లారీ వెన్నెల మోసుకుపోతున్నట్టు కనిపించింది. ఆ మాట పైకి అనలేదులెండి.

"మస్తున్నయి," అన్నాడు వెంకట్రాములు.

"ఉన్నయి," అంది ఆమె.

"మనమే ఏజెన్సీ తీస్కుందమే. బద్దలు చీల్చుడు లేదు, డాంబరు వాసన లేదు. కూసోని అమ్ముడే."

"అమ్మెటోళ్లకు నేనెందుకు, నువ్వు జాలవా?"

ఆ ఏడాది వానల తర్వాత షెడ్డుకు వచ్చిన ఆర్డర్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. రామేశ్వరమ్మ పొద్దున వచ్చి, చీపురు పట్టి ఊడ్చిన నేలనే మళ్లీ ఊడ్చేది. పుట్టిలు అల్లే పని ఉంటుందా, షెడ్డు మూసి లారీల సరుకు అమ్ముకుంటూ కూర్చోవాలా, ఇదే ఆ ముగ్గురి నోటా రోజూ నలిగే ముచ్చట.

మొదట బాలనాగమ్మకు తట్టింది ఎవరికైనా తట్టేదే. అది తేలిక కాబట్టి తనదీ తేలిక చేయాలి. బద్దలు సన్నగా చీల్చింది, డాంబరు పలుచగా పూసింది. పుట్టి తేలిక అయ్యింది. ఆచారం ప్రకారం తానే మొదట కూర్చుంది. రెండో చుట్టులో పుట్టి అడుగు పైకి ఉబ్బి, అంచు లోపలికి వంగింది. దాన్ని కొనడానికి వచ్చిన దేవరాజు, తెడ్డు వేస్తున్నవాడు, ఒక చేత్తో అంచు పట్టుకుని ఇంకో చేత్తో గట్టుకు లాగాడు.

"అక్కా, గిది పుట్టా, చాటా?"

"చాటనే. నిన్ను చెరిగి అవతల పడేద్దామని చేసిన," అంది తడిసిన చీర పిండుకుంటూ.

నవ్వింది గానీ, ఇంటికి వచ్చి ఆ పుట్టిని తిరగేసి కోళ్లగూడు చేసింది. కోళ్లకు బాగా నచ్చింది. ఫైబర్ లాగా ఉండబోయి తాను తానుగా కూడా మిగల్లేదని ఆమెకు ఆ రోజే అర్థమైంది. ఈ మాట పెద్ద పెద్ద కంపెనీలవాళ్లు ఎప్పుడు తెలుసుకుంటారో నాకు తెలియదు, ఆమె మాత్రం రెండో చుట్టులో తెలుసుకుంది.

దేవరాజు పాత పుట్టి పూర్తిగా కుళ్లిపోయింది. అందరిలాగే అతనూ నీలం రంగు ఫైబర్ పుట్టి కొన్నాడు. కొన్నాడు గానీ నీళ్లలో దించలేదు. అతని భార్య నర్సమ్మ రేవులో అడ్డం నిలబడింది. మొదట కూర్చునేవాళ్లు ఎవరు అని ఆమె ప్రశ్న. అల్లినవాళ్లు లేరు. అచ్చులో పోసిన పుట్టికి అచ్చే తల్లి, అచ్చే తండ్రి. పుట్టి ఒడ్డున వెల్లకిలా పడి ఉంది, దాంట్లో వాననీళ్లు నిలిచాయి, పిచ్చుకలు స్నానాలు చేశాయి. చివరికి ఒక పొద్దున దేవరాజు షెడ్డుకు వచ్చాడు. నేను బస్సు దిగేసరికి అతను గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, తలెత్తడం లేదు.

"అక్కా, జర నువ్వే కూసోవాలె."

వెంకట్రాములు కత్తి కింద పెట్టాడు. "సిగ్గుండాలెరా. మా నోటికాడి బువ్వ తీస్కపోయి, మల్ల దీవెన కూడ మాతోనే చేపిస్తవా?"

"నేనేం జేయాలె బావా. నర్సమ్మ ఇంట్ల పొయ్యి ముట్టిస్తలేదు. నువ్వు నీళ్ల మీదికి పోతే నేను మా అమ్మగారింటికి పోత అంటుంది."

"చేసినోన్ని పిలిపియ్యి," అంది బాలనాగమ్మ, తలెత్తకుండానే.

"చేసినోడు యాడున్నడక్కా. మిషిని చేసింది."

"మిషిన్ని తెచ్చి కూసోబెట్టు."

రామేశ్వరమ్మ కిసుక్కున నవ్వింది. దేవరాజు నవ్వలేదు. అతని చేతులు వలతాళ్లు లేక ఖాళీగా వేలాడుతున్నాయి. బాలనాగమ్మ ఆ చేతులను చాలాసేపు చూసింది. కూర్చుంటే ఆ ఊళ్లో ఫైబర్ పుట్టికి ఇక అడ్డు లేదు. కూర్చోకపోతే ఈ మనిషి ఒడ్డునే ఉండిపోతాడు. ఆమె లేచి, కాళ్లకు అంటిన వెదురు పొట్టు దులుపుకుంది.

"నడువు," అంది.

"ఏమే, మతి ఉన్నదా నీకు?" అన్నాడు వెంకట్రాములు.

"ఉన్నది. గందుకే పోతున్న. అది ఎట్లుంటదో నేను చూడొద్దా?"

ఆ పొద్దున కృష్ణ మీద పొగమంచు ఉంది. అవతలి కొండలు లేవు, నీళ్లు ఎక్కడ ఆగుతాయో తెలియదు. నీలం పుట్టి ఆ తెల్లదనంలోకి మెల్లగా జారింది. ఆమె నడుమ కూర్చుంది, దేవరాజు తెడ్డు వేశాడు. మొదటి చుట్టుకే ఆమె ముఖం, వీపు, ముఖం, వీపు, మాకు కనిపిస్తూ కనిపించకుండా పోయాయి. తర్వాత మంచు మూసుకుంది. తెడ్డు చప్పుడు మాత్రం వినిపించింది, అది కూడా నీళ్ల కింద నుంచి వస్తున్నట్టు. గట్టు మీద నర్సమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. నేను చెప్పులు విడిచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు. నాకు ఆ క్షణంలో బాలనాగమ్మ తిరిగి వస్తుందా అని కాదు భయం. వచ్చాక ఏమవుతుంది అని.

వచ్చింది. నర్సమ్మకు తల ఊపింది. నర్సమ్మ పుట్టికి పసుపు రాసింది. ఫైబర్ మీద పసుపు నిలవక కారిపోయింది.

తిరిగి నడుస్తూ ఆమె మామిడితోట దాటాక అంది:

"టీచరమ్మా, దాని కడుపు వణుకుతది."

"కడుపా?"

"అడుగు. నీళ్లు కొట్టినప్పుడల్ల పాదాల కింద వణుకుతది, నిద్రల పసిపిల్ల ఉలికిపడినట్లు. మల్ల తడిసిందా, జారుతది. కూసున్న నాకే కాళ్లు ఆనలేదు. నిలబడి వల లాగెటోనికి ఎట్ల ఆనుతది?"

ఆ తర్వాత ఫైబర్ పుట్టి కొన్న ప్రతివాళ్లూ వచ్చారు. ఆమె అందరి పుట్టిలలోనూ కూర్చుంది. వెంకట్రాములు వారం పాటు ఆమెతో మాట్లాడలేదు, మాట్లాడినప్పుడు ఒకటే అన్నాడు: "మన పనికి మనమే నీళ్లొదులుకుంటున్నం." ఆమె ప్రతి పుట్టిలోనూ కాళ్లు కదిపి చూసేది. వల లాగమని అడిగేది, లాగుతుంటే లాగేవాళ్ల మడమల వైపు చూసేది. ఒకరు గోనెసంచి పరిచారు, అది మడతపడి కాలికి చుట్టుకుంది. ఒకరు చెక్కపలక వేశారు, అది గుండ్రటి అడుగు మీద ఊయలలా ఊగింది.

అప్పుడే ఆమెకు ఒక కల వచ్చింది. కలలు చెప్పడంలో బాలనాగమ్మను మించినవాళ్లు లేరు, వినడంలో నన్ను మించినవాళ్లు లేరు. నది మొత్తం మీద ఎవరో తడక పరిచారట. ఆమె దాని మీద నడిచి అవతలి కొండ దాకా పోయిందట, పాదం తడవలేదట, కింద చేపలు బద్దల సందుల్లోంచి పైకి చూశాయట.

"ఏం చూసినయి?" అన్నాను.

"నా మడమలు," అంది. చెబుతూనే లేచి కత్తి అందుకుంది.

తడక అంటే తెలుసు కదా, వెదురు బద్దలతో అల్లే పరదా లాంటిది. గోడలకు, పందిళ్లకు కడతారు. ఆమె దాన్ని గుండ్రంగా, పుట్టి అడుగుకు సరిపోయేలా అల్లింది, నడుమ కాస్త పల్లంగా. పాదానికి పట్టు, అడుగుకు బలం. దేవరాజు పుట్టిలోనే మొదట వేద్దామని అనుకున్నారు. ఇక్కడే ఒక తప్పు జరిగింది. మేదరి ఇంట్లో పుట్టి, పుట్టిలు అల్లి బతికినవాళ్లు మాత్రమే చేయగలిగిన తప్పు. నీళ్ల మీదికి పోయే వెదురుకు డాంబరు పూయకుండా పంపడం వాళ్ల ఊహకు కూడా అందదు. ముగ్గురూ కలిసి తడకకు రెండు పక్కలా చక్కగా, నిగనిగలాడేలా డాంబరు పూశారు. నేనూ కొంచెం పూశాను.

మధ్యాహ్నం ఎండకు నీలం పుట్టి పెనంలా కాగింది. దేవరాజు షెడ్డుకు వచ్చేసరికి అతని లుంగీ వెనక సగం లేదు. పాదాలు నల్లగా ఉన్నాయి. బుట్టలో చేపలు నల్లగా ఉన్నాయి.

"అక్కా, బజార్ల నన్ను బొగ్గులు కిలో ఎంత అని అడిగిండ్రు."

"లుంగీ ఏదిరా?" అన్నాడు వెంకట్రాములు.

"నీ పెండ్లాం తడక మీద ఉన్నది బావా. పీకితే వస్తలేదు. పోయి తెచ్చుకో, నీకే పనికొస్తది."

వెంకట్రాములు నవ్వు ఆపుకోలేక గుంజ పట్టుకున్నాడు. అన్నాళ్ల కోపం ఆ నవ్వుతో పోయింది, అది నేను కళ్లారా చూశాను. బాలనాగమ్మ మాత్రం నవ్వలేదు. నల్ల చేప ఒకటి చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దింది. డాంబరు ఎందుకు పూశామని తనను తాను అడుగుతున్నట్టు పెదవులు కదిలాయి. నీళ్లు ఆపడానికి. కానీ ఇప్పుడు నీళ్లు ఆపే పని ఫైబర్ చేస్తోంది. ఇక తడక నీళ్లు ఎందుకు ఆపాలి?

"డాంబరు వద్దు," అంది.

"కుళ్లుతది గదా," అంది రామేశ్వరమ్మ.

"కుళ్లకముందే ఎండనీ. రెండు తునకలు చేద్దాం. పొద్దుగూకంగనే తీసి ఒడ్డున ఎండబెట్టుకుంటరు, పొద్దుగాల మల్ల పరుసుకుంటరు."

"వట్టి వెదురు నీళ్ల మీదికి పోతే మీ అత్త కలలకొచ్చి తిడ్తది."

"తిట్టనీ. ఆమె చెవుల పడేటట్లు చెప్త."

అలా అర్ధచంద్రాకారం తడకలు వచ్చాయి. ఒక పుట్టికి రెండు. నిరుడు చలికాలానికి సోమశిల రేవులో సాయంత్రం పూట చూడాలి, రాళ్ల మీద బారుగా ఎండుతున్న సగం చందమామలు. పర్యాటకులు వాటిని ఫొటోలు తీసుకునేవాళ్లు, అవి ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు. నల్లమల వైపు నుంచి గాలి వచ్చినప్పుడు అవన్నీ చిన్నగా టకటకలాడేవి. ఆ చప్పుడు వింటూ నేను రెండుసార్లు ఆఖరి బస్సు పోగొట్టుకున్నాను.

ప్రదీప్‌కు తడకల మాట అందింది. కారులో వచ్చాడు. మంచి మనిషే, నవ్వు ముఖం. తడకను తిప్పి తిప్పి చూశాడు.

"అమ్మా, నా పుట్టిలకు నువ్వు ఇంత మేలు చేశావు. నాకు రోజూ ఫోన్లు, నాగమ్మ తడక ఉంటేనే కొంటామంటారు. ఒక మాట చెప్తా విను. ఏజెన్సీ నీకే ఇస్తా. షెడ్డు కాస్త బాగు చేసుకో, బోర్డు పెట్టుకో. ఈ తడక ఒకటి నాకివ్వు, అచ్చు తీయించి ప్లాస్టిక్‌లో పోయిస్తా. నీకు చేతులు నొప్పి పుట్టే పని లేదు."

వెంకట్రాములు ఆమె వైపు చూశాడు. ఎన్నాళ్లుగానో అతను కోరుకున్న మాట అది.

"తీస్కపో," అంది ఆమె.

ప్రదీప్ కూడా ఆశ్చర్యపోయాడు.

"తీస్కపో సేటూ. నేను ఇయ్యకుంటే రేవుల ఎండుతున్నదాన్ని ఎవరైన తీస్కపోతరు. ప్లాస్టిక్ తడిస్తే జారుతదో జారదో పోసి చూడు. జారకుంటే నీదే మంచిది, దేవరాజు పడకుంటే నాకు సాలు. ఏజెన్సీ మాత్రం నాకొద్దు. నీ సరుకు అమ్మనీకి ఇంకెవరన్న దొరుకుతరు. నీ లారీ రేవుకు పోయేముందు ఈడ ఆగాలె. ఒక్కొక్క పుట్టి దింపాలె, నేను దాంట్ల నిలబడి చూసి తడక అల్లుత. అచ్చు ఒకటే అంటవు గానీ, నీ పోయిన లారీ పుట్టిల అడుగు లోతు ఎక్కువుండె, గీ లారీవి తక్కువున్నయి. నీకు తెల్వదు. నిలబడ్డ మా కాళ్లకు తెలుసు."

"ప్లాస్టిక్‌ది బాగా వస్తేనో?"

"అప్పుడు దాన్ని ఎక్కి ఏం తక్కువున్నదో చూస్త. ఏదో ఒకటి ఉంటది."

ప్రదీప్ నవ్వి, తడక కారు డిక్కీలో పెట్టుకుని పోయాడు. ఆ ప్లాస్టిక్‌ది వచ్చిందా లేదా అంటే, ఇది రాసేనాటికి రాలేదు. రేపు రావచ్చు. లారీలు మాత్రం షెడ్డు ముందు ఆగుతున్నాయి. రామేశ్వరమ్మ ఇప్పుడు ఊడ్చిన నేల మళ్లీ ఊడ్చడం లేదు, ఊడ్చడానికి తీరికే లేదు.

కానీ వెదురు ఎంతని వస్తుంది? అచ్చంపేట నుంచి వచ్చే బొంగులు తడకలకే చాలడం లేదు. ఒక పుట్టికి పోయే వెదురుతో ఎన్నో తడకలు అవుతాయి. మొన్న అవతలి ఒడ్డు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఫైబర్ తనకు పడదు, పాతకాలం పుట్టి కావాలని గుంజ కింద కూర్చున్నాడు. పుట్టి ఆర్డర్ వచ్చి చాలా రోజులైంది. వెంకట్రాములు లేచి నిలబడ్డాడు, అల్లుతాం అనబోయాడు.

"లేదు పెద్దాయ్న," అంది బాలనాగమ్మ. "ఇంక పుట్టిలు అల్లేది లేదు."

ఆయన కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఆమె ఆయన రోడ్డు మలుపు తిరిగేదాకా చూసింది. నేను ఉండబట్టలేక అడిగాను, ఒక్కటైనా అల్లవచ్చు కదా అని.

"ఒక్కటి అల్లితే ఇంకోటి అల్లబుద్ధి అయితది టీచరమ్మా. లారీ బయట నిలబడి ఉంటది, నేను లోపల పుట్టి అల్లుతుంట. మల్ల రామేశ్వరి ఊడుస్తుంటది."

"అట్లనన్న నా నడుము వంగుతది," అంది రామేశ్వరమ్మ, కానీ మెల్లగా.

బాలనాగమ్మ సగం అయిన తడక ముందుకు లాక్కుంది. మధ్యాహ్నం వెలుతురు రేకుల చిల్లుల్లోంచి దిగి బద్దల మీద చిన్న చిన్న నాణేల్లా కదులుతోంది. ఆమె కళ్లు సగం మూసుకుని ఉన్నాయి, చేతులు వాటంతట అవే పోతున్నాయి. అంచు దగ్గరికి రాగానే వేళ్లు బద్దను పైకి వంచాయి, పుట్టి గోడ లేపడానికి వంచినట్టే. ఆమె చూసుకుని, దాన్ని కిందికి వత్తి పడుకోబెట్టింది. ఇంకో బద్ద. మళ్లీ వేళ్లు పైకి వంచాయి. మళ్లీ వత్తింది.

"చూడు టీచరమ్మా, చేతులు ఇంటలేవు," అంది, చిన్నపిల్లల గురించి చెప్పినట్టు, వాటి మీద కోపం లేకుండా.